నడుముకు కట్టిన తాడు

2023 వానాకాలం. విశాఖ నుంచి సెలవు రోజుల్లో జనాన్ని ఏజెన్సీ కొండలకు తీసుకెళ్లే ట్రెక్ లీడర్‌ని నేను. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టాను కాబట్టి నీళ్ల గురించి నాకొకరు చెప్పేదేముందని ధీమా. ధీమా అనడం మర్యాద, అది పొగరే.

ఆ రోజు కొండ మీద ఉండగా వాన దంచేసింది. దిగే దారంతా బురద, అడుగేస్తే బూటు ఊడొచ్చేది. పొద్దున మడమలు తడిసేంత ఉన్న గెడ్డ, అంటే కొండవాగు, నడుం లోతుకొచ్చింది. అందరిచేతా హిప్ బెల్ట్ విప్పించాను. వీపు మీది బ్యాగును నడుముకు బిగించే పట్టీ అది. నీళ్లలో పడితే బ్యాగు వదిలించుకోడానికి ముందే విప్పుతాం. ఆ సంగతి అంత బాగా తెలిసిన నేనే నాయుడు గారి నడుముకు తాడు కట్టాను.

నాయుడు గారి ఊరు పద్మనాభం. యాభై దాటిన మనిషి. షుగరొచ్చింది, నడవమని డాక్టరు చెబితే మాతో వచ్చారు.

“తాడొద్దు బాబూ. నీరు తగ్గీదాకా కూకుందాం” అన్నారు.

“సముద్రంలో పెరిగినోణ్ణి, నాకు సెప్తారేటండి?” అన్నాను, అందరికీ వినపడేలా.

వల రాయికి చిక్కుకుంటే మావాళ్లు నడుముకు తాడు కట్టుకునే దిగుతారు. నాకు తెలిసింది అదే.

గెడ్డ నడిమధ్యలో ఆయన కాలు జారింది. ఒడ్డున తాడు పట్టుకున్న నేనూ ఇంకొకాయనా లాగాం. లాగినకొద్దీ తల నీళ్లలోకే పోయింది. సముద్రంలో అల వెనక్కి పోతుంది, తాడు సడలుతుంది, మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. గెడ్డ నీరు ఆగదు, ఒకటే తోపు. ఇది నా బుర్రకెక్కేసరికి ఆయన చెయ్యొక్కటే పైకి కనిపిస్తోంది. వదిలెయ్యమని అరుస్తూ నేనూ తాడు వదిలేశాను. ఆయన కొట్టుకుపోయి, మలుపులో మా ఒడ్డు పొదలకు తగులుకుని, దగ్గుతూ లేచారు.

పరుగెత్తి వెళ్లాను. నీళ్లు కక్కుతూనే నా చెయ్యి పట్టుకుని, “ఏటనుకోకు బాబూ. నాను జారిపోనాను, అందరి ముందూ నీకు మాటొచ్చీసింది” అన్నారు.

నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. “తప్పు మీది కాదండీ, నాది” అని అందరి ముందూ అన్నానే గానీ తల ఎత్తలేకపోయాను. తర్వాత ఆయన చెప్పిన పనే చేశాం, కూర్చున్నాం. చీకటి పడకముందే నీరు తగ్గింది, అందరం నడిచే దాటాం.

దాటించడమే నా పని అనుకునేవాణ్ణి. ఆపడం కూడా నా పనేనని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు నాయుడు గారు మళ్లీ వచ్చారు. ఉరకలేస్తున్న గెడ్డ కనపడగానే, నేను నోరు తెరవకముందే ఒక బండ చూసుకుని కూర్చుని, కాస్త పక్కకు జరిగారు.

“రా బాబూ, కూకో” అన్నారు.

వెళ్లి కూర్చున్నాను. ఆయన ముఖంలోకి మాత్రం చూడలేకపోయాను.