బావ లారీ, అక్క జీడిపప్పు

మొన్న మా టెక్కలి కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఖాళీ చేసి గోడలకు రంగులు వేయిస్తామన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబ్‌కి కాపలాదారుణ్ణీ మరమ్మతుదారుణ్ణీ నేనే. మేష్టారు సెలవు పెట్టిన రోజున మేష్టారినీ నేనే. అందుకని నా బల్ల సొరుగులు ఖాళీ చేసుకునే పని కూడా నా మీదే పడింది. మూడో సొరుగులో, తోకలు తెగిన మౌసుల కింద, ఒక పాత గ్రాఫిక్స్ కార్డు దొరికింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసేది అదే. ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకి దానితో పెద్ద పని లేదు గానీ, ఆటలాడేవాళ్ళకి అది లేకపోతే పూట గడవదు. దాని మీదున్న చిన్న ఫ్యాను రెక్కల సందులో ఎర్రటి పలచని తునక ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది. అది చూడగానే నాకు నవ్వొచ్చింది. చెత్తబుట్ట దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది, కార్డు నా సంచిలోకి చేరింది.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. మా అక్కా బావా పలాసలో ఉంటారు. బావ లారీ డ్రైవరు. ముప్పై ఏళ్ళు పలాస జీడిపప్పు ఎక్కించుకుని దేశమంతా తిరిగిన మనిషి. కళ్ళకు గంతలు కట్టినా సరే, బండి కుదుపును బట్టి ఇప్పుడు ఏ ఊరి కల్వర్టు దాటామో చెప్పేస్తానని పందేలు కాసేవాడు. నేను వయసులో చాలా చిన్నవాణ్ణయినా నన్నూ బావా అనే పిలిచేవాడు. అలాంటివాడికి ఒక వేసవి మొదట్లో పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కోలుకుంది, మాట కూడా తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పడుకుని లేవనంది.

బండి నడపలేనందుకు ఆయన అంత బాధపడలేదు. ముప్పై ఏళ్ళు నడిపాను, చాల్లే అన్నాడు. ఆయన్ని తినేసింది వేరే సంగతి. ఎడమ చేత్తో అన్నం తినాల్సి రావడం. మనలో ఎడమ చెయ్యి కంచంలో పెట్టడమంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. చెంచా పట్టుకుని, వంటింట్లో గుమ్మానికి వీపు పెట్టి, గబగబా నాలుగు మెతుకులు మింగి లేచిపోయేవాడు. భోజనాలకు పిలుపులు వస్తే ఒంట్లో బాగోలేదని అక్కనొక్కదాన్నే పంపేవాడు. ఆయనకు ప్రాణమైన కవళ్ళ చేపల పులుసు కూడా మానేశాడు. కవళ్ళంటే ఒళ్ళంతా సన్నటి ముళ్ళే, కుడిచేతి వేళ్ళు చురుగ్గా ఆడితే తప్ప గొంతు దిగవు. అక్క ముళ్ళు తీసి, చేప చిదిపి కంచంలో పెడితే, కంచం పక్కకి నెట్టేశాడట. పళ్ళు రాని పిల్లాడికి పెట్టినట్టు పెడతావా అని వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదట.

ఇది ఇలా ఉండగా భావనపాడు నుంచి ఆయన స్నేహితుడు వచ్చాడు. సముద్రం మీద బతికే మనిషి. లారీ రోజుల్లో ఎండుచేపల బస్తాలు ఎక్కించడంతో మొదలైన స్నేహం. కొత్త పడవ కట్టిస్తున్నాననీ, దసరా వెళ్ళాక నీళ్ళలోకి దింపుతాననీ, ఆ రోజు భోజనాల్లో మొదటి పంక్తిలో మొదటి ఆకు నీదేననీ బావతో చెప్పి, ఆయన జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. బావ ఆ రాత్రి నుంచి దసరాకి ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడని తర్వాత అక్క చెప్పింది.

ఆసుపత్రిలో రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. బావ రెండ్రోజులు నొక్కి, మూడో రోజు దాన్ని మూలకి విసిరేశాడు, అదీ ఎడమ చేత్తోనే. అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, ఇలాంటి ఆలోచనలు మా ఇంట్లో నాకే వస్తాయి. నా పాత కంప్యూటర్ ఒకటి పట్టుకెళ్ళి, దానిలో అప్పటికే ముసలిదైపోయిన ఒక గ్రాఫిక్స్ కార్డు బిగించి, లారీ నడిపే ఆట ఒకటి పెట్టి, ముందుగదిలో బల్ల మీద అమర్చాను. ఆ ఆటలో బండి తిప్పడానికి బాణం గుర్తుల మీటలు నాలుగే, అవి కుడిచేతి వైపే ఉంటాయి. మొదటి రోజు బావ లారీ తిన్నగా వెళ్ళి ఏట్లో పడింది. ఆయనకు రోషం వచ్చింది. నాకు కావలసిందీ అదే. నెల తిరిగేసరికి మీట మీద వేలు నిలిచింది. మూడు నెలలకు చొక్కాకి పైన మూడు గుండీలు తనే పెట్టుకున్నాడు. మిగతా గుండీలు అక్క పెడుతూ కళ్ళు తుడుచుకునేది.

శ్రావణమాసం ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. ఎప్పుడూ కేకలేసి మాట్లాడే మనిషి, గొంతు బాగా తగ్గించాడు.

"బావా, నాకు మళ్ళీ వచ్చీసినట్టుంది. రోడ్డు ముక్కలు ముక్కలుగా అగుపడతంది. మీ యక్కకి సెప్పకు."

హైవే మీద దొరికిన మొదటి బస్సు ఎక్కి పలాసలో దిగాను. అక్క ఫ్యాక్టరీ నుంచి జీడిపప్పు తేవడానికి వెళ్ళింది, బావ ఒక్కడే ఉన్నాడు. రెండ్రోజులుగా ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి తన చూపును తనే పరీక్ష చేసుకుంటున్నాడట. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆట మొదలుపెట్టాడు. పావుగంట దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ముందు చెట్లు గులాబీ రంగుకి తిరిగాయి. ఆకాశం మీద గీతలు పడ్డాయి. రోడ్డు పగిలి నల్లటి ముక్కోణాలు పైకి లేచాయి. బావ తెర వైపు చూడటం మానేసి నా మొహం వైపే చూస్తున్నాడు.

"నీకేటి అగుపడతంది? నిజం సెప్పు."

"నాకూ ముక్కలుగానే కనిపిస్తోంది బావా. రోగం నీది కాదు, దీనిది," అన్నాను.

ఆయన బల్ల మీద తల ఆన్చి కాసేపు లేవలేదు. భుజాలు కదిలాయి. నేను తెర సరిచేస్తున్నట్టు నటిస్తూ అటు తిరిగి కూర్చున్నాను. నాకూ కళ్ళు మండాయి, అది ఆయన చూడటం ఇష్టం లేకపోయింది.

ఇక చూడాలి నా ప్రతాపం. దీన్నో చిటికెలో తేల్చేస్తానన్నాను. ముందు తప్పు తెరదా కార్డుదా అని చూడాలి. దానికో సులువుంది. ముక్కలైన దృశ్యాన్ని కంప్యూటర్‌లోనే ఫొటో తీసి మా ల్యాబ్‌లో వేరే తెర మీద చూశాను. ఫొటోలోనూ ముక్కలే. అంటే తెర తప్పూ తీగ తప్పూ కాదన్నమాట. తర్వాత, వస్తానని ఫోన్ చేసి పలాస వెళ్ళి, డ్రైవర్ సంగతి చూశాను. బావ లాంటి డ్రైవర్ కాదు, కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాము. కొత్తది వేస్తే అది మా ముసలి కార్డుని గుర్తే పట్టలేదు, బొమ్మలన్నీ ఇటుకలంత అయిపోయాయి. దాన్ని పూర్తిగా పీకేసి, ఈ కార్డు కోసం చేసిన పాత డ్రైవర్ వెతికి వేశాను. గంటసేపు ఆడించాను, రోడ్డు అద్దంలా వచ్చింది. అక్క పెట్టిన టీ తాగి, గెలిచిన మొహంతో టెక్కలి చేరాను. మర్నాడు పొద్దున్నే ఫోన్, మళ్ళీ ముక్కలని.

రెండోసారీ వస్తున్నానని చెప్పే వెళ్ళాను. ఆటలో నీడలూ నీటి మెరుపులూ తగ్గించాను. కార్డు బయటికి తీసి చూస్తే ఫ్యాను నిండా ఎర్రటి దుమ్ము. హైవే దుమ్మని బ్రష్షుతో దులిపాను. సముద్రం పక్కనున్న మా ఉద్దానం గాలిలో ఉప్పు కదా, కార్డు అంచునున్న బంగారు రంగు పళ్ళకి చిలుము పట్టి ఉంటుందని పెన్సిలు రబ్బరుతో రుద్దాను. ల్యాబ్‌కి తెచ్చి ఒక పూటంతా ఆడించాను, వేడి కూడా కొలిచాను, వంక పెట్టడానికి లేదు. తిరిగి పలాసలో బిగించాను, నా ఎదుట బంగారంలా నడిచింది. నేను బస్సెక్కిన మర్నాడు మళ్ళీ అదే కథ. మూడోసారి కరెంటు సరఫరా చేసే పెట్టెను కూడా మార్చాను. అప్పుడూ అంతే. నేనుంటే పని చేస్తుంది, నేను వెళితే చెడిపోతుంది. అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలా నా ఒక్కడి ముందే బుద్ధిగా ఉండే యంత్రాన్ని నా జన్మలో చూడలేదు. చివరికి విసుగెత్తి, కార్డుకి వయసైపోయింది, ఇక లాభం లేదు అని ఫోన్లో తేల్చి చెప్పేశాను.

"కార్డుకేనేటి," అన్నాడు బావ, ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట నన్ను ముల్లులా పొడిచింది. దసరాకి ఇంక నెల లేదు. ఇలాంటి కార్డు కోసం తెలిసినవాళ్ళందరినీ అడిగాను, అంత పాతది ఎవరి దగ్గరా లేదు. కొత్తది ఆ కంప్యూటర్‌లో దూరదు. ఆ వారం మా ఇంట్లో నేను కంచం ముందు కూర్చుంటే నా చెయ్యే నాకు ఎబ్బెట్టుగా ఉండేది.

ఆ ఆదివారం మంచం పట్టిన ఒక స్నేహితుణ్ణి చూడటానికి పలాసకి అవతలనున్న సుమ్మాదేవి వెళ్ళాను. తిరిగొచ్చే పాసింజరు పలాసలో ఆగితే, వాన వెలిసేదాకా అక్క ఇంట్లో కూర్చుందామని ముందుగా చెప్పకుండా దిగిపోయాను. తలుపు తీసే ఉంది. బావ ఆట ముందున్నాడు. అక్క బల్ల వెనక, కంప్యూటర్ వెనకవైపు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కంప్యూటర్ వెనక వేడిగాలి వచ్చే కంతలకి ఆనించి, పీట మీద పెద్ద పళ్ళెం. పళ్ళెం నిండా పొట్టు తీయని జీడిపప్పు. గాలి పక్కకి పోకుండా పైన ఒక పాత తువ్వాలు కప్పి ఉంది, దాని కొస కంప్యూటర్ మీదికి కూడా కప్పి ఉంది. అక్క ఆ వెచ్చటి పప్పు ఒక్కొక్కటీ తీసి రెండు వేళ్ళతో నలుపుతుంటే ఎర్రటి పొట్టు సున్నితంగా ఊడి గాలిలోకి లేస్తోంది. లేచిన పొట్టులో సగం కంప్యూటర్ లోపలికే పోతోంది.

పలాసలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చెమ్మ తగిలితే జీడిపప్పు మెత్తబడి పొట్టు వదలదు. గోటితో గీకితే పప్పు విరుగుతుంది, విరిగితే ఫ్యాక్టరీవాళ్ళు మొహం మాడ్చుకుంటారు. బావ పడిపోయాక అక్క ఫ్యాక్టరీకి వెళ్ళడం మానేసి పప్పు ఇంటికే తెచ్చుకుని ఒలిచేది. ముసురులో ఆవిడకు దొరికిన పొడి వేడిగాలి అదొక్కటే. ఇంతకుముందు నేను చూడలేదా అంటే, చూశాను. ముక్కలైన రోడ్డు చూసిన మొదటి రోజున కూడా పళ్ళెం అక్కడే ఉంది. పలాసలో జీడిపప్పు పళ్ళెం లేని ఇల్లుంటుందా, నాకు పట్టలేదు. ఆ తర్వాత నేను వస్తున్నానని చెప్పినప్పుడల్లా, పుట్టింటి మనిషి వస్తుంటే ఇల్లు అలా ఉండకూడదని అక్క పళ్ళెమూ తువ్వాలూ తీసి మంచం కిందికి తోసేసి, ఊడ్చి, టీ పెట్టేది. అంతేగా మరి, నా ముందు కార్డుకి ఊపిరాడేది, నేను వెళ్ళాక వేడెక్కి బొమ్మల్ని ముక్కలు చేసేది.

"ఏటక్కా ఇది?" అన్నాను.

"ఎచ్చగా గాలొత్తంది కదరా, పాడుసేసుకోడం ఎందుకని," అంది. అని నా మొహం చూసి, తెర వైపు చూసింది. తెర మీద రోడ్డు అప్పుడే పగులుతోంది. అక్క చేతిలో పప్పు అలాగే ఉండిపోయింది. "నానేనా సేసినాను?" అని నెమ్మదిగా అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా బావ పగలబడి నవ్వాడు. పక్షవాతం తర్వాత అంత పెద్ద నవ్వు నేను వినడం అదే మొదలు. రేడియేటర్‌కి గోనె కడితే బండి మరగదా, ఈ ముక్క ముప్పై ఏళ్ళ డ్రైవర్ని నాకూ తట్టలేదు, కాలేజీవాడివి నీకూ తట్టలేదు, ఇద్దరమూ ఇద్దరమే అన్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. కాసేపు ఆడు, కాసేపైనా ఆడు అని రోజూ బావను తనే కూర్చోబెట్టేది. అది సగం ఆయన చేతి కోసం, సగం పప్పు కోసం. ఆ సగం తలుచుకుని ఆవిడ రెండు రోజులు కుమిలింది. నేను కార్డు విప్పి, హైవే దుమ్మనుకున్న ఆ ఎర్రటి పొట్టు వచ్చినంత దులిపి, కంప్యూటర్‌ని గోడకి దూరంగా జరిపాను. అక్కకి పాత రేకు పెట్టెలో పెద్ద బల్బు ఒకటి బిగించి ఇచ్చాను, పప్పు దానిలో వెచ్చబెట్టుకోమని. ఆ తర్వాత రోడ్డు మళ్ళీ పగల్లేదు. ఆ కంప్యూటర్ మూలపడ్డాకే కార్డు నా సొరుగులోకి చేరింది.

దసరా వెళ్ళాక భావనపాడులో పడవ నీళ్ళలోకి దిగింది. మొదటి పంక్తిలో మొదటి ఆకు ముందు బావ కూర్చున్నాడు, పక్కన నేను. వడ్డించినది కవళ్ళ పులుసు. బావ కుడి చెయ్యి ఆకులో పెట్టాడు. ఒక చేప తీసుకుని, వెన్నుముల్లు పట్టుకుని, మెల్లగా లాగి ఆకు అంచున పెట్టాడు. తర్వాత సన్నముళ్ళు, ఒక్కొక్కటే. అక్క అవతల వరసలో అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మేమంతా తినేశాం, బావకింకా రెండు చేపలున్నాయి. పంక్తిలో ఒకరు తింటుండగా మరొకరు లేవకూడదు కదా. పడవ స్నేహితుడు ఎవరూ కదలకుండా పులుసు ఇంకొంచెం, మజ్జిగ ఇంకొంచెం అంటూ తిరుగుతూనే ఉన్నాడు. ఎవరికీ ఆకలి లేదు, అయినా అందరూ వేయించుకున్నారు. వేళ్ళ మీద పులుసు ఎండిపోతున్నా ఒక్కరూ చెయ్యి కడుక్కోవడానికి లేవలేదు.

ఇప్పుడు ముసురు పడితే బావే కుడిచేత్తో అక్కకి పప్పు ఒలిచి పెడతాడు, ఒక్కటీ విరగనీయడు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, భావనపాడులో ఆ మధ్యాహ్నం మా బావ ఆఖరి ముల్లు తీసుకునేదాకా అది కూడా లేవకుండా మా పంక్తిలోనే కూర్చుంది.