ఆడి నెలలో ఒక తెల్ల మచ్చ

గత ఏడాది, తమిళుల ఆడి మాసం. వాషర్‌మెన్‌పేట్ బట్టల వీధిలో, ఒక కల్యాణమండపం వరండాలో మా ఉచిత దంత శిబిరం నడుస్తోంది. నేను దంతవైద్యురాలినై అప్పటికి ఏడాదే. పనిచేసేవాళ్లకు వీలుగా ఉంటుందని ఆదివారాన్ని ఎంచుకున్నది నేనే. కళాశాల చర్చావేదికల అలవాటు కొద్దీ వాదించి అందరినీ ఒప్పించిందీ నేనే. మూడు ఆదివారాలు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇక్కడివాళ్లకు పళ్ల మీద శ్రద్ధ లేదని తేల్చేశాను.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం సరోజక్క వచ్చింది. ఎదుటి దుకాణంలో చీరలు చూపించే ఉద్యోగం ఆమెది. యూనిఫారం చీరలోనే కూర్చుంది.

"బిరబిరా చూడు డాక్టరమ్మా. సాపాటుకిచ్చేది ఇరవై నిమిషాలే."

కింది దవడ పన్ను లోతుగా పుచ్చింది. దాని పక్కనే, చెంప లోపల, తెల్లని మచ్చ. అలాంటిది ల్యూకోప్లేకియా కావచ్చు, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పొర. బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు, చీటీ రాయసాగాను.

"పెద్దాసుపత్రికా?" ఆమె గొంతు తగ్గింది. "మాయమ్మ నోట్లో పుండుతోనే పోయింది. అదేనా?"

 అడగవలసినవేవీ అడగకుండానే రాస్తున్నానని అప్పుడు తట్టింది. కలం పక్కన పెట్టాను.

"పొగాకు, వక్క వేస్తారా అక్కా?"

"ఛీ! చీర మీద ఎర్ర మరక పడితే ఓనరు ఊరుకుంటాడా?"

"మరి నొప్పికి?"

"లాయరమ్మ మాదిరి అడగతా ఉండావే! తలనొప్పి మాత్ర. మింగితే కడుపు మంట. అందుకే పన్ను పక్కన అదిమి పెట్టుకుంటా."

"ఎన్నాళ్లుగా?"

"ఆడి పుట్టినప్పట్నించి. తగ్గింపు బేరం కదా, నెలంతా లీవు లేదు."

"పోయిన ఆదివారమైనా రావలసింది."

ఆమె నవ్వింది. "ఆదివారమే కదమ్మా ఊరంతా చీరలకొచ్చేది! మంగళవారం పొద్దున్నే పెట్టి చూడు. ఈ వీధి ఆడోళ్లంతా ఈడే ఉంటారు."

పలుచని గాజ్ గుడ్డతో మచ్చను మెల్లగా తుడిచాను. మచ్చ అంచు పొరగా ఊడివచ్చింది. ల్యూకోప్లేకియా అలా ఊడదు. మాత్రలోని ఆమ్లం తగిలి చెంప కాలి ఉండాలి; దీన్ని కెమికల్ బర్న్ అంటాం. అయినా నమ్మకంగా చెప్పలేదు. పన్నులో తాత్కాలికంగా మందు నింపి, చెంపలో మాత్ర పెట్టవద్దన్నాను. రెండు వారాల తర్వాత కూడా మచ్చ ఉంటే బయాప్సీ తప్పదన్నాను. ఆ రెండు వారాలు నాకూ భారంగానే గడిచాయి.

ఆ తర్వాతి శిబిరాన్ని మంగళవారం ఉదయం ఏడింటికి తెరిచాం. మొదటి కుర్చీలో సరోజక్క. అద్దంతో చెంప లోపలంతా వెతికాను. నునుపైన గులాబి రంగు, అంతే.

"అదేనా?" అంది మళ్లీ.

"అది కాదు అక్కా. పూర్తిగా మానిపోయింది."

ఆమె చెంప మీద చెయ్యి వేసుకుంది. 

ఖాళీ కుర్చీలను చూసి నేను చేసిన తీర్పు తప్పు. ఎప్పుడు రాగలరని వాళ్లను ఒక్కమాట అడగకుండానే, ఎందుకు రాలేదో నిర్ణయించేశాను. ఇప్పుడు ఏ వీధిలో శిబిరం పెట్టినా, ముందుగా అక్కడి దుకాణాల మెట్లెక్కి ఆ ప్రశ్న అడుగుతాను.

సరోజక్క లేచి వరండా బయటికి తల పెట్టింది. అదే యూనిఫారం చీరలో ఆడవాళ్లు మెట్ల దాకా బారు తీరి ఉన్నారు.

"రాండే, తొమ్మిదిన్నరకు షాపు షట్టరు తీస్తారు!" అని కేకేసింది.