టైరు కింద రాయి

ఈ ఉదయం ఆఫీసు మిత్రుడొకడు మెసేజ్ పెట్టాడు. వాళ్ళు ఆర్‌వీ, అదే వంటిల్లూ పడకలూ ఉండే బండి, అద్దెకు తీసుకుని ఫెర్రీ మీద దీవికి వెళ్తున్నారట, మూడేళ్ళ కిందట నేను వేసిన ప్లాన్ షీట్ పంపమన్నాడు. మేముండే బాతెల్ ఊళ్ళో మా తెలుగువాళ్ళ మధ్య ఆ షీట్‌కి కొంచెం పేరుంది. గ్యాస్ వాల్వు ఎటువైపు తిప్పాలో కూడా అందులో ఉంటుందని చెప్పుకుంటారు. జవాబు రాయబోతూ బాల్కనీ వైపు చూశాను. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి కొబ్బరికాయంత ఉంటుంది, ఒక పక్క చదును. ఆ షీట్‌లో లేనిది అదొక్కటే.

ఆ వేసవిలో మా ఆవిడ పిన్ని షామ్‌బర్గ్ నుంచి వచ్చారు. నేను అత్తయ్యగారూ అని పిలుస్తాను. ఆవిడకు హోటళ్ళు పడవు, ఆ పరుపు మీద ఎవరెవరు పడుకున్నారో అన్న ఆలోచనతోనే తెల్లారిపోతుందంటారు. కుక్కరు, చపాతీ పీట, సొంత దుప్పటి వెంటపెట్టుకుని వెళ్ళే వీలుంటేనే వస్తానన్నారు. ఆర్‌వీ ఆలోచన అలా పుట్టింది. ఆ ఆర్‌వీలో మాకు ముందు ఎందరు పడుకున్నారో మేం ఆవిడకు చెప్పలేదు.

ఆవిడకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. అది మా ఆవిడకూ చెప్పలేదు. ఆ ముందు చలికాలంలో ఒక సాయంత్రం సరస్సు మీది తేలే వంతెన దాటుతున్నాను. గాలివాన. వంతెనకు ఒక పక్క నీళ్ళు ఎగసిపడుతున్నాయి, రెండో పక్క నున్నగా ఉన్నాయి. వంతెనే అలల్ని ఆపుతోందని నాకు తెలుసు. తెలిసినా వేళ్ళు తిమ్మిరెక్కాయి, చూపు సన్నబడింది, గుండె చెవుల్లో కొట్టుకుంది. ఎలాగో అవతలికి చేరి, మొదటి ఎగ్జిట్ తీసుకుని కారు ఆపి, సీటు బెల్టు విప్పుకోవడం చేతకాక అలాగే కూర్చుండిపోయాను. మర్నాటి నుంచి సరస్సు చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. టోల్ దండగ అని ఇంట్లో చెప్పాను. పిరికివాడు అనిపించుకోవడం కంటే పిసినారి అనిపించుకోవడం సులువు.

మా ఆవిడకు అప్పటికింకా లైసెన్స్ రాలేదు. అత్తయ్యగారు డ్రైవ్ చేయరు. కాబట్టి ఆర్‌వీ నేనే నడపాలి. మేం అనుకున్న దీవికి దారులు రెండే. దక్షిణాన బండ్లను ఎక్కించుకునే ఫెర్రీ, ఉత్తరాన జలసంధి మీద చాలా ఎత్తున కట్టిన వంతెన. రెండోదాని ఫోటో చూసి ఫెర్రీయే నయమనుకున్నాను. పడవ మునుగుతుందని కాదు నా భయం. ర్యాంపు ఎక్కేచోట ఇనప పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తాయి. వెనక కార్లు బారులు తీరి ఉండగా, సరిగ్గా అక్కడ నా చేతులు మళ్ళీ మొద్దుబారితే? బండి పాతికడుగులది, లోపల ఇంకో ఇద్దరు.

అందుకే ప్లాన్ అంత పొడుగ్గా పెరిగింది. బండి పొడవు, ఎత్తు, ఫెర్రీలో కప్పు ఎత్తు రాశాను. ఆటు వేళలు రాశాను, నీటిమట్టం తగ్గితే ర్యాంపు వాలు పెరుగుతుంది కనుక. ఫ్రిజ్ నడిచే గ్యాస్ ఎక్కేముందు కట్టేయాలి కాబట్టి, ఫ్రిజ్‌లో పెరుగు ఎంతసేపు ఆగుతుందో కూడా రాశాను. ఒక్కో గడి నింపుతుంటే భయం తగ్గాల్సింది పోయి, దానికి కొత్త చిరునామా దొరికేది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం బండి తెచ్చి అపార్ట్‌మెంట్ ముందు నిలిపాను. షీట్‌ని టీవీలో పెట్టి, ఆఫీసులో రివ్యూ ఇచ్చినట్టు వివరిస్తున్నాను. అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు.

“అంతా బానే ఉంది బాబూ. పడవ ఊగితే బండి దొర్లదూ?”

“పార్కింగ్ బ్రేక్ ఉంటుందండీ. చక్రాలకి ఫెర్రీ వాళ్ళు కూడా అడ్డం పెడతారు.”

“వాళ్ళది వాళ్ళు పెడతారు, మనది మనం పెట్టుకోవద్దూ? లారీ ఆగగానే క్లీనరు టైరు కింద రాయి పెట్టడూ?” అంటూ లేచి వెళ్ళి, చెప్పుల స్టాండు పక్క నుంచి రాయి ఎత్తుకొచ్చారు. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు ముందు మొక్కల చుట్టూ పేర్చినవాటిలోంచి ముందే తెచ్చిపెట్టుకున్నారు.

“పిన్నీ! అది కాంప్లెక్స్ వాళ్ళది. మనల్ని ఖాళీ చేయిస్తారు,” అని మా ఆవిడ పగలబడి నవ్వి, నా వైపు తిరిగింది. “నువ్వు షీట్‌లో ఇంకో రో యాడ్ చెయ్. రాయి, ఒకటి.”

నాకు నవ్వు రాలేదు. “రాయి పెడితే నా భయం ఆగుతుందా?” అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఇక దాచడానికేమీ లేదు, వంతెన సంగతి మొత్తం చెప్పేశాను.

మా ఆవిడ నవ్వు ఆపి నా పక్కన కూర్చుంది. “టోల్ మిగులుస్తున్నావని ఫ్రెండ్స్ అందరికీ చెప్పి నవ్వాను కదరా. ఒక్క మాట చెప్తే అసలు బుక్ చేసేవాళ్ళమే కాదు. క్యాన్సిల్ చేసేద్దామా?”

“క్యాన్సిల్ ఎందుకే?” అన్నారు అత్తయ్యగారు, మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుని, వాటి మీంచి కళ్ళెత్తకుండా. “నేను ఇంతవరకు ఎస్కలేటర్ ఎక్కలేదు. ఏ మాల్‌లో లిఫ్ట్ ఎక్కడుందో నన్నడుగు. మీ బాబాయ్ నాకు మోకాళ్ళ నొప్పులనుకుంటారు.” తర్వాత నా వైపు తిరిగారు. “దీవి దాకా నిన్నెవరు తోలమన్నారు బాబూ? పడవలోకి ఎక్కించు చాలు. దిగి రాయి నేను పెడతాను. అక్కణ్ణుంచి నీ డ్యూటీ కాదు.”

నేను ఆ ప్రయాణాన్ని ఎన్ని ముక్కలు చేశానో. ఆవిడ రెండే చేశారు, రాయికి ముందు, రాయి తర్వాత.

మర్నాడు భయం తగ్గిందని చెప్పను. వరసలో ఉండగా గ్యాస్ వాల్వు కట్టానో లేదో మూడుసార్లు దిగి చూశాను. ర్యాంపు మొదట్లోనే వేళ్ళు తిమ్మిరెక్కాయి. “పసుపు జాకెట్ అతన్నే చూడు, నీళ్ళు చూడకు,” అని మా ఆవిడ పక్కనుంచి అంటూనే ఉంది. అతను చెయ్యి ఊపిన చోటికల్లా పోనిచ్చి, ఆపమన్నచోట ఆపాను. అతను టైరుకు అడ్డం పెట్టి లేచేసరికి అత్తయ్యగారు రాయి పట్టుకుని నిలబడి ఉన్నారు. అతను ఒక క్షణం చూసి పక్కకు జరిగాడు. “దట్ వర్క్స్ టూ, మామ్,” అన్నాడు. ఆవిడ రాయి తోసి, బస్సు కండక్టరులా బండిని అరచేత్తో రెండుసార్లు చరిచి, “హోల్డాన్!” అని కేకపెట్టారు.

పైకి వెళ్ళి సముద్రం చూడమన్నాను. ఇద్దరూ వెళ్ళలేదు. కిటికీలోంచి ముందున్న లారీ వెనక తలుపులు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంజిన్ల అదురు సీట్లోంచి ఒంట్లోకి ఎక్కుతోంది. ఆ ఇరవై నిమిషాలూ నేను స్టీరింగ్ వదల్లేదు. వదలమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అప్పుడప్పుడు వంతెన మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. అవతలికి చేరేసరికి చొక్కా వీపుకు అంటుకునే ఉంటుంది. మిత్రుడికి షీట్ పంపేముందు చివర ఒక వరస చేర్చాను: రాయి, ఒకటి. ఆ ప్రయాణం తర్వాత ఏళ్ళు ఎలా దొర్లిపోయాయో తెలియదు కానీ, ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఎవరో టైరు కింద రాయి పెట్టినట్టు అక్కడే ఆగి ఉన్నాయి.