కూలర్ వచ్చిన ఎండాకాలం

తొంభైల మొదట్లో సిద్దిపేటలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేసేదాన్ని. మాది రేకుల కప్పు హాలు. ఎండాకాలం మధ్యాహ్నాలు మంచం కడ్డీ పట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. అలాంటి హాలుకి గజ్వేల్ వ్యాపారి ఒకాయన పెద్ద కూలర్ పంపిస్తే, అది మాకు పండగే! దాన్ని ఆటోలోంచి దించుతుంటే నడవగలిగినవాళ్లందరూ వాకిట్లోకి వచ్చేశారు. స్విచ్ వేయగానే తడిగాలి హాలంతా కమ్మేసింది. నంగునూరు అవ్వ ఒకామె దాని ముందు నిలబడి, "వాన కొట్టినట్టే ఉన్నదే!" అని చప్పట్లు కొట్టింది.

రెండు మూడు రోజులకే ఆ అవ్వ నా చెయ్యి పట్టుకుని, "బర్లు ఇంటికొచ్చినయా?" అని అడిగింది. ఆమె బర్రెలమ్మి ఏళ్లయింది. నాలుక చూస్తే పిడచకట్టుకుపోయి ఉంది. డాక్టరు వచ్చి, "ఒంట్ల నీళ్లు తగ్గినయి సిస్టర్" అని సెలైన్ పెట్టించారు. ఇంత చల్లటి హాల్లోనా? నాకు నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రానికి అవ్వ తేరుకుంది.

"నీళ్లెందుకు తాగలేదవ్వా?"

"సల్లగున్నది గద బిడ్డా, దూప కాలే. తాగితే ఎండల వాకిలి దాటి ఒంటికి పోవాలె. గీ గాలి ఇడిచిపెట్టి ఎవలు పోతరు?"

పరుగున వెళ్లి నీళ్ల కుండలు చూశాను. పొద్దున నింపినవి నింపినట్టే ఉన్నాయి! ఉక్కపోసినప్పుడు అడిగి మరీ తాగినవాళ్లు, చల్లదనంలో దాహమే మరిచిపోయారు. కారణం దొరికిందన్న ఉత్సాహంతో నాకు కాలు నిలవలేదు.

మర్నాడే కుండల్ని మంచాల మధ్యకు జరిపించాను. హాలు నుంచి బాత్రూం దాకా తాటాకుల పందిరి వేయించాను. మిగిలింది తాగించడం. ఒకప్పుడు దర్జీపని చేసిన సాయబు తాత ఒకాయన, "షర్బత్ నేను కలుపుత బేటీ, ఎట్ల తాగరో చూస్త" అన్నాడు. మధ్యాహ్నం పెద్ద గిన్నెలో నిమ్మకాయలు పిండి, చక్కెర, ఉప్పు వేసి, గరిటెతో గిన్నె వాయిస్తూ, "రాండ్రి, రాండ్రి, దావత్!" అని కేక పెట్టాడు. హాలంతా ఒకటే గోల! గ్లాసుల కోసం పోటీ పడ్డారు. లేవలేనివాళ్లకు నేను చెంచాతో పట్టాను.

ఇక అది రోజూ జరిగింది. అవ్వ మంచం దిగి తానే గ్లాసులు అందించే పని పెట్టుకుంది. వద్దని ముఖం తిప్పుకున్నవాళ్లను, "తాగుతవా, నెత్తిన పొయ్యన్నా?" అని బెదిరించేది. ఆ ఎండాకాలం మరెవరికీ సెలైన్ పెట్టాల్సిన అవసరం రాలేదు.