తిరిగివ్వని డబ్బా

ఫరీదాబాద్‌లో నేను అద్దెకున్న ఇంట్లోనే, కింది వాటాలోకి ఒక జపాన్ ఇంజినీరు దిగారు. మా ఫ్యాక్టరీలో కొత్త యంత్రాల పని నేర్పడానికి ఏడాదికని వచ్చిన మనిషి. కంపెనీ గుర్గావ్‌లో, ఆయన దేశస్థులుండే చోట ఇల్లు చూపిస్తే, ఫ్యాక్టరీకి దూరమని వద్దన్నారట. ఆయనకి హిందీ రాదు. నాకొచ్చిన హిందీ ఆటో ఎక్కడానికి సరిపోతుంది, దిగడానికి సరిపోదు. అయినా ఆ ఇంటికి దుబాసీని నేనే.

దిగిన సాయంత్రమే ఆయన ఇల్లిల్లూ తిరిగి, వంగి నమస్కరించి, కాగితంలో చుట్టిన చేతి తువ్వాలు అందరికీ ఇచ్చారు. వాళ్ల దేశంలో కొత్తగా దిగినవాళ్లే ఇరుగుపొరుగుకి ఏదైనా ఇవ్వాలట. ఇంటి ఓనరు ఆంటీ నన్ను మెట్ల మీదే ఆపేసింది.

"బేటా, ఈయన ఇవి అమ్ముతాడా?"

"లేదాంటీ, ఊరికే ఇచ్చారు."

"అచ్ఛా," అంది నమ్మకుండా. మర్నాడు స్టీలు డబ్బాలో రాజ్మా, అన్నం పంపింది.

ఆయన డబ్బా కడిగి, తుడిచి, బిస్కట్లు పెట్టి తిరిగిచ్చారు. ఆంటీ పరాఠాలు పంపింది. ఆయన చాక్లెట్లు. ఆంటీ క్యారెట్ హల్వా. తీసుకున్నదానికి బదులివ్వకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఫ్యాక్టరీ నుంచి రాగానే, డబ్బాలో పెట్టడానికి ఏం దొరుకుతుందా అని బజారుకు పరిగెత్తేవారు. కొన్ని వారాలకు మనిషి సగమైపోయారు.

"గుర్గావ్ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందట," అన్నారు ఒక సాయంత్రం ఇంగ్లీషులో. "అక్కడ పొరుగువాళ్లు ఏమీ పంపరట."

ఇల్లు మారే ఆలోచనలో ఉన్నారని అర్థమైంది. ఆ ఊళ్లో నాతో కలిసి కూర్చుని అన్నం తినే మనిషి ఆయనొక్కరే. ఇద్దరం పరాయివాళ్లమే. కాకపోతే ఆయన్ని చూస్తే తెలుస్తుంది, నేను నోరు తెరిస్తే తెలుస్తుంది.

"ఖాళీ డబ్బా ఇచ్చేయండి సర్," అన్నాను వీరుడిలా. ఇద్దరం డబ్బా వంక చూశాం. ఇద్దరికీ చేతులు రాలేదు. అమ్మకి ఫోన్ చేశాను.

"ఖాళీ గిన్నె ఇస్తార్రా ఎవరైనా? కాస్త పంచదారన్నా వెయ్యాలి. ఢిల్లీ పోయి మర్యాదలు మర్చిపోయావా?"

ఇక మిగిలింది ఆంటీ. ఆవిడే ముందు అడిగింది: "ఆయనకి నా వంట నచ్చట్లేదా? ఇవాళ పెడితే రేపే బాకీ తీర్చేస్తాడు. ఇదేమైనా దుకాణమా బేటా?"

ఆయన గౌరవం అనుకుంటున్నది ఆవిడకి మొహం మీద తలుపు వేసినట్టుంది. వెళ్లి చెప్పాను: "డబ్బా ఇవ్వకండి సర్. ఉంచేసుకోండి." దొంగతనం నేర్పుతున్నట్టు చూశారు. అయినా ఉంచారు. రోజూ దాన్ని మళ్లీ కడిగేవారు.

ఆదివారం నేను ఆయన ఇంట్లో ఉండగా ఆంటీయే వచ్చింది. "భాయిసాబ్, నా డబ్బా ఏదీ?" అంటూ చెప్పులతోనే లోపలికి నడిచి మంచం మీద కూర్చుంది. ఆయన చూపంతా ఆ చెప్పుల మీదే. ఆయన కాచిన గ్రీన్ టీలో ఆవిడ ముందు చక్కెర అడిగింది, తర్వాత పాలు అడిగింది. ఆపైన మోకాళ్ల నొప్పి, కోడలి ఉద్యోగం, రాని నీళ్ల ట్యాంకరు, అన్నీ హిందీలో చెప్పుకొచ్చింది. ఆయన జపనీస్‌లో అవునవునంటూ తలూపారు. దుబాసీని ఎవరూ ఏమీ అడగలేదు. వెళ్తూ డబ్బా మర్చిపోయింది.

ఆయన గుడ్డ తడిపి నేలంతా తుడిచారు, మూలలతో సహా. గుర్గావ్ మాట ఎత్తడానికి భయమేసి నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. గుడ్డ పిండుతూ ఆయనే అడిగారు:

"రేపు కూడా రండి అని హిందీలో ఎలా అంటారు?"