దొర్నిపాడు తాత నొక్కని అంకె

నంద్యాలలో నా గొంతుకు పనెక్కువ, నాకు పని తక్కువ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఫోన్ చేస్తే మార్కెట్ ధరలు చెప్పే కంప్యూటర్ ఒకటి ఎరువుల కొట్టు మిద్దె మీద పెట్టారు. అందులో పలికేది నేనే. "నమస్కారం. వరి ధర కోసం ఒకటి నొక్కండి, పత్తి ధర కోసం రెండు నొక్కండి" అని ఒక పూట కూర్చోబెట్టి చెప్పించి రికార్డు చేసుకున్నారు. ఆ తర్వాత నేను నోరు తెరవాల్సిన అవసరమే లేకపోయింది. పొద్దున మార్కెట్ యార్డు నుంచి వచ్చిన ధరలు ఎక్కించాలి, మిషను ఆగకుండా చూడాలి, సాయంత్రం లాగ్, అంటే ఫోన్ల చిట్టా, ప్రింటు తీసి ఫైల్లో పెట్టాలి. అంతే.

పదో తరగతితో చదువు ఆపేసిన నాకు ఆ కుర్చీ దొరకడమే ఎక్కువ. అది పోతే ఇంకోటి రాదని నాకు బాగా తెలుసు. రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కేదాన్ని. మా వీధి అత్త ఒకామె బస్సులో అడిగింది.

"ఆడ ఏం చేస్తాండావు పాపా?"

"ఫోన్లో మాట్లాడతా అత్తా."

"ఎవురితో?"

కిటికీ వైపు తిరిగాను. బస్సు శిరివెళ్ల చేరేలోపు పక్క సీటు వాళ్ల మూడు తరాల ముచ్చట తెలుసుకునే రకాన్ని నేను. అలాంటిదాన్ని పొద్దంతా ఒక ఫ్యానుతో, నాలుగు పచ్చ లైట్లతో కూర్చునేదాన్ని. లైటు వెలిగితే ఎవరో నా గొంతు వింటున్నట్టు. ఆరితే పెట్టేసినట్టు. నేను ఉన్నానని మాత్రం వాళ్లెవరికీ తెలియదు.

మిషను రెండు లాగ్‌లు రాసుకునేది. ఫోన్ ఎన్ని గంటలకు వచ్చింది, ఏ అంకె నొక్కారు, ఎంతసేపు విన్నారు అనేది ఒకదాంట్లో. మిషనులోకి ఎవరు వచ్చారు, ఏం మార్చారు అనేది రెండోదాంట్లో. ఇవి కాక డీబగ్ అని ఒకటుండేది. తప్పెక్కడుందో వెతకాల్సి వచ్చినప్పుడే దాన్ని ఆన్ చేయాలి. పల్లెల్లోని పాత ఫోన్లలో అంకె నొక్కితే మిషనుకు అందడం లేదని, కర్నూలు నుంచి ఇంజనీరు సారు వచ్చి దాన్ని ఆన్ చేశారు. అప్పటినుంచి అంకె అందని ప్రతి ఫోన్‌లోనూ అవతలి శబ్దాన్ని మిషను కాస్త దాచిపెట్టేది.

ఆ ముక్కలు విని, పాత ఫోన్లో అంకె నొక్కితే వచ్చే టక్‌టక్ శబ్దాలున్నవి రాసిపెట్టమని నాకు చెప్పారు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే టక్‌టక్‌లు కాదు, మనుషులు వినిపించారు.

"నమస్కారం మా. బాగుండావా?"

"యాడ నొక్కల్లమ్మా? నువ్వే చెప్పరాదూ, పుణ్యముంటాది."

"ఏయ్, పలకదేందిరా ఈ పాప! గర్వమా?"

మా దిక్కు నమస్కారం పెడితే బదులియ్యకుండా ఎవరుంటారు? మిషను పెట్టినా అంతే. నవ్వాను, ఆ వెంటనే ఎందుకో ఏడుపొచ్చింది. అందరూ నన్నే అడుగుతున్నారు.

రోజూ పదకొండు గంటలప్పుడు ఒక ముసలి గొంతు వచ్చేది. "దొర్నిపాడు నుంచి మాట్లాడతాండామ్మా. తిన్న్యావా?" అంతే. టక్ అనే శబ్దమే ఉండదు. నా "నొక్కండి"లన్నీ విని, "సరే, ఉంటా" అని పెట్టేసేవాడు.

వారం తర్వాత సారు డీబగ్ ఆపేసి, "పని లేనప్పుడు ఇది ఆన్‌లో ఉంచొద్దమ్మా, డిస్కు నిండిపోతుంది" అని చెప్పి వెళ్లారు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఆన్ చేశాను. సాయంత్రం ఆపడం, పొద్దున మళ్లీ ఆన్ చేయడం. చేసిన ప్రతిసారీ రెండో లాగ్‌లో "ఆపరేటర్, డీబగ్ ఆన్" అని ఒక వరుస పడేది. విన్న ముక్కలను చెరపాలంటే చేతులు రాలేదు.

ఒక సోమవారం నేను వెళ్లేసరికి మిషను బిగుసుకుపోయింది. డిస్కు నిండింది. ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తడం లేదు. కర్నూలుకు కబురు చెప్పి, మోగే లైను వైరు పీకి బల్ల మీది ఫోనుకు తగిలించి నేనే ఎత్తాను. కాగితం చూసి ధరలు చెబుతూ కూర్చున్నాను. పదకొండయింది.

"దొర్నిపాడు నుంచమ్మా. తిన్న్యావా?"

"తింటి తాతా. నువ్వు?"

రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"తాతా?"

"ఓయబ్బ! ఇన్నాళ్లకు పలికితివా తల్లీ! రోజూ అడుగుతాండా, ఒగనాడన్నా చెప్తివా?"

"ఇంగ చెప్తాలే. ఏ ధర కావాల?"

"ధర నాకేంటికమ్మా. ఇంట్లో ఫోను పెట్టించి అందరూ చేనికి పోతారు. నాకు తెలిసిన నంబరు యార్డు గోడ మీద రాసిన ఇదొక్కటే."

ఇంకో లైను మోగేదాకా మాట్లాడుకున్నాం. ఆయన బర్రె గురించి, నా బస్సు గురించి.

సారు రావడానికి ఇంకా గంట ఉంది. రెండో లాగ్ తెరిచాను. వరుసగా నేనే. ఆపరేటర్, ఆపరేటర్, ఆపరేటర్. చెరపడం నాకు వచ్చు. చెరిపేస్తే తప్పు మిషను మీదికి పోతుంది, కుర్చీ నాకుంటుంది. కానీ ఆ గదిలో నేనున్నానని చెప్పే రాత అదొక్కటే. ఫైలు మూసేశాను.

సారు వచ్చి చదివారు. "ఎందుకు ఆన్ చేస్తివి?"

"వాళ్లు మాట్లాడతాండారు సార్. వినేటోళ్లు లేరు."

ఆయన స్క్రీన్ మీది వరుసలు వేలితో లెక్కపెట్టారు. "చెరిపేసుంటే నాకు తెలిసేది కాదు. నువ్వు చెరపలేదు, అందుకే ఊరుకుంటాండా." ముక్కలన్నీ నా చేతే తీసేయించారు. డీబగ్‌కు నాకు తెలియని పాస్‌వర్డ్ పెట్టారు. లైను మీద చెయ్యి పెట్టొద్దని బల్ల మీది ఫోనును సంచిలో వేసుకుని వెళ్లారు.

మర్నాడు పదకొండుకు లైటు వెలిగింది. లాగ్‌లో వరుస పడింది: అంకె లేదు, మూడు నిమిషాలు. అంతకుముందు ఎప్పుడూ నిమిషం దాటేది కాదు. నా మాట కోసం ఆగాడు. మిషను మూడుసార్లు "నొక్కండి" అని తానే పెట్టేసింది.

అలా నాలుగు రోజులు మూడేసి నిమిషాలు. ఆ నాలుగు రోజులూ లైటు వెలిగినంతసేపు "తింటి తాతా, తింటి" అని దాని ముందే చెప్పాను. అయిదో రోజు పదకొండయినా లైటు వెలగలేదు. సాయంత్రం ప్రింటు తీసి ఫైల్లో పెట్టి బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె ఏ ఊరని అడిగితే, ఆ ఒక్కరోజు నాకు మాట్లాడబుద్ధి కాలేదు.