తండ్రి కాకూడని చిట్టెలుక

కాల్షియం మాస్టారికి ఆ పేరు పెట్టింది విద్యార్థులే. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పాఠం ఎక్కడ మొదలుపెట్టినా ఆయన కాల్షియం దగ్గరే తేలేవారు.

మగప్రాణి వృషణం తల్లి కడుపులో రూపు కట్టే రోజుల నుంచి, అందులోని గుండ్రటి కణం తోక మొలిచి వీర్యకణమై ఈదడానికి సిద్ధపడే దాకా, కాల్షియాన్ని పట్టి ఉంచి, వదలవలసినప్పుడు వదిలే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదానికి మాస్టారు యౌవనంలోనే మనసిచ్చేశారు. తోక మొలిచే కణాల్లోనే అది కనిపించేది. అది లేనిదే ఏ మగప్రాణీ తండ్రి కాలేదని ఆయన సిద్ధాంతం. ఇంట్లో భార్య దాన్ని "మీ పెద్దకూతురు" అనేది, అన్నాల దగ్గర దాని క్షేమసమాచారాలు అడిగేది.

ఆ సిద్ధాంతాన్ని రుజువు చేసే పని ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మీద పడింది. చిట్టెలుకల గదిలోనే కాపురం పెట్టింది గనక అందరూ ఆమెను ఎలకల పాప అనేవారు. ఆ ప్రొటీన్ ఒంట్లో బొత్తిగా తయారుకాని మగ ఎలుకల్ని ఆమె పెంచింది. ఏది ఏదో తెలియడానికి చెవులకు గాట్లు పెట్టింది. వాటిలో ఒకదాన్ని ఆడ ఎలుకతో జత చేసింది. కొన్నాళ్ళకు ఓ ఉదయం రంపపు పొట్టు కింద గులాబి రంగు పిల్లలు కదిలాయి.

"సార్, పిల్లలు పుట్టాయండీ!"

"ఎవరికమ్మా?"

"మన మగదానికే సార్. ప్రొటీన్ లేనిదానికి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పంజరాలు కలిపేశావు. పక్కదాంట్లోంచి ఇంకో మగది దూరి ఉంటుంది."

"లేదండీ, గడియ పెట్టి మరీ చూసుకున్నాను."

"ఎలుకలకు నీ గడియలో లెక్కా?"

ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ పుట్టాయి. తండ్రి కాకూడని ఎలుక సిగ్గూ శరం లేకుండా తండ్రి అవుతూనే ఉంది. "చెవి గాటు చూసి పోల్చుకోలేనివాళ్ళు పరిశోధనకు పనికిరారు" అన్నారు మాస్టారు, పదిమంది ముందు. ఆమె చదువు మధ్యలోనే మానేసి వెళ్ళిపోయింది. ఆ ఎలుకల వంశమంతా కల్తీ అయిందని తీర్మానించి, మాస్టారు మొత్తాన్నీ చంపించి తీయించేశారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఆయన రిటైరయ్యాక ఎక్కడో మరో బృందం అదే ప్రయోగం చేసి పత్రికలో అచ్చు వేసింది. ప్రొటీన్ లేని ఎలుకలు నిక్షేపంగా పిల్లల్ని కంటున్నాయట. తోబుట్టువు లాంటి ఇంకో ప్రొటీన్ దాని చాకిరీ కూడా నెత్తినేసుకుంటోందట. మాస్టారు ఆ పూట అన్నం ముట్టలేదు.

భార్య అంతా విని, "మీ పెద్దకూతురి సంగతి సరే. ఆ పిల్ల సంగతేంటి?" అంది.

ఆ పిల్ల రెండు వీధుల అవతల రక్తపరీక్షల ల్యాబు నడుపుతోంది. మాస్టారు దాని ముందు నుంచి ఎన్నోసార్లు తలెత్తుకునే నడిచారు. ఇప్పుడు మింగుడుపడనిది అదే.

క్షమాపణ చెప్పుకోవడానికే వెళ్తున్నానని తనకు తానే ఒప్పుకోలేక, పరీక్ష చేయించుకునే మిషతో వెళ్ళారు.

"రండి సార్, కూర్చోండి. చొక్కా చెయ్యి పైకి మడవండి."

"అమ్మా, నువ్వు చెప్పిందే నిజమైంది. ఎవరో అచ్చేశారు."

"చదివాను సార్."

"పత్రికకు నేను రాస్తాను. అందరికంటే ముందు చూసింది నువ్వేనని."

ఆమె ఆయన మోచేతి పైన పట్టీ బిగించింది. "రాసి ఏం చూపిస్తారు సార్? ఆ ఎలుకలేవి? పోనీ, మళ్ళీ పరీక్ష చేయడానికి వాటి తోక ముక్కలైనా దాచారా?"

మాస్టారు గోడకేసి చూశారు. "లేదు. నువ్వు వెళ్ళాక అన్నీ తీయించేశాను."

"అప్పుడే అనుకున్నాను. పిడికిలి బిగించండి." సూది దిగింది. "మీరు తిట్టారని కాదు సార్. నేనే తప్పు చూశానేమోనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఒక్కసారి వచ్చి మీరూ ఆ చెవి చూసి ఉంటే బాగుండేది."

"తప్పంతా నాదేనమ్మా."

"అవును సార్" అందామె, కోపమేమీ లేకుండా. దూది అదిమి పట్టుకోమని చెప్పి, గుమ్మంలో తన వంతు కోసం నిలబడ్డ మరో ముసలాయన్ని లోపలికి పిలిచింది.

ఇంట్లో భార్య ఎదురొచ్చింది. "చెప్పారా?"

"చెప్పాను."

"ఏమంది?"

రక్తం ఎప్పుడో ఆగిపోయినా మాస్టారు దూది వదల్లేదు.

"సాయంత్రం వచ్చి రిపోర్టు తీసుకెళ్ళమంది" అన్నారు.